జర్మను మాస్టారి విభక్తులు

అమ్మ పోయిన నెలకి ఆమె రేకుపెట్టె తెరిచాను. తెరవాలని లేదు. ఇల్లు ఖాళీ చెయ్యమని ఇంటివాళ్ళు రెండుసార్లు కబురంపారు, తప్పలేదు. పైన పెళ్ళినాటి తెల్లచీర, దాని కింద నాన్న కళ్ళజోడు, చర్చిలో పంచిపెట్టిన పాత క్యాలెండర్లు, అన్నిటికన్నా అడుగున ఎండిన వేపాకు వేసి పాత తువ్వాల్లో చుట్టిన ఒక లాంగ్ నోట్‌బుక్. విప్పకముందే అదేమిటో నాకు తెలిసిపోయింది. లోపలంతా మా అక్క ఎస్తేరు చేతిరాత. పేజీకి ఒక మాట. దానికి రెండు నిలువు గడులు, ఒకటి ఏకవచనానికి, ఒకటి బహువచనానికి. అడ్డంగా నాలుగు వరసలు, ప్రథమ, ద్వితీయ, చతుర్థి, షష్ఠి. గడికొక రూపం చొప్పున పేజీకి ఎనిమిది రూపాలు, అన్నీ తెలుగు అక్షరాల్లో రాసిన జర్మను. అలాంటి పేజీలు వందకి పైనే. ఆ గడుల గీతలన్నీ నేను స్కేలు పెట్టి గీసినవే. ఈ పుస్తకాన్ని అమ్మ ఎందుకు దాచిందో ఇప్పటికీ అర్థం కాలేదు. అడగడానికి అమ్మ లేదు, ఉన్నా చెప్పే మనిషి కాదు.

అప్పట్లో మేం అనకాపల్లిలో బెల్లం మార్కెట్‌కి దగ్గర్లో రెండు గదుల పెంకుటింట్లో ఉండేవాళ్ళం. నాన్నకి మార్కెట్లో కాటా దగ్గర పని. దిమ్మలు ఎత్తి దించీ ఎత్తి దించీ ఆయన చొక్కా సాయంత్రానికి అట్టకట్టిపోయేది. అమ్మ ఎంత ఉతికినా దండెం మీద చీమలు ఆ చొక్కానే వెతుక్కుంటూ వచ్చేవి. మా ఊరు వచ్చినవాళ్ళు బెల్లం వాసన ఎంత కమ్మగా ఉందో అంటారు. వాళ్ళు రెండు గంటలుండి పోయేవాళ్ళు. మాకు అది పులిసిన మడ్డి వాసన, తడిసిన గోనె వాసన, నాన్న దగ్గు వాసన. ఊళ్ళో అప్పుడే సెల్‌ఫోన్లు చేతుల్లో కనబడుతున్నాయి, మా వీధిలో మాత్రం ఇంకా ఎస్టీడీ బూతు దగ్గరే వరస కట్టేవాళ్ళం. మా ఇంట్లో మోగేది గోడగడియారం ఒక్కటే, అదీ వారానికోసారి కీ ఇస్తేనే.

తెల్లవారగానే చాప వేసుకుని కుటుంబ ప్రార్థన. అమ్మ పాట ఎత్తుకునేది, నాన్న దగ్గు ఆపుకుంటూ అందుకునేవాడు, ఆ తరవాత మేమిద్దరం ఆ వారం కంఠత వాక్యం అప్పజెప్పాలి. అప్పజెప్పడానికి అమ్మ పెట్టిన చట్టం ఒకటుండేది. చేతులు కట్టుకుని నిలబడాలి. ఆగిపోతే ఎవరూ అందించకూడదు. తప్పు వస్తే తప్పు దగ్గర దిద్దుకుని ముందుకుపోవడం కుదరదు, మొదటికి రావాలి. ఆరు వచనాల కీర్తనలో అయిదో వచనం దగ్గర తడబడ్డా మళ్ళీ మొదటి వచనమే. అమ్మ మళ్ళీ చెప్పమంది అంటే ఎక్కడో తప్పు దొర్లిందని అర్థం, ఎక్కడా అని అడగడానికి లేదు. అప్పటిదాకా గంజి గిన్నె మీద మూత తీసేది కాదు. సగం వచ్చిన వాక్యం రాని వాక్యంతో సమానం అనేది. సండేస్కూలు పోటీల్లోనూ అదే పద్ధతి. అక్క ఏటా మొదటి బహుమతి తెచ్చేది. ఆమె నోట్లో పడ్డ మాట రాతి మీద గీసినట్టు ఉండిపోయేది. నేను గంజి చల్లారాక తాగే రకం. బహుమతిగా వచ్చిన స్టీలు గ్లాసుల్లో అక్క నాకు మంచినీళ్ళిస్తే నాకు గొంతు దిగేది కాదు. ఈ సంగతి ముందే ఒప్పేసుకోవడం మంచిది, తరవాత చెప్పబోయేదానికి ఇదే మూలం.

అక్క నర్సు ట్రైనింగు పూర్తిచేసి ఊళ్ళోనే ఒక నర్సింగ్ హోములో చేరింది. ఆ ఏడే గొలుగొండలో మా యోబు మామయ్య భార్య పోయింది. మామయ్య అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు, ఇద్దరు చిన్నపిల్లలు. ఏడాది తిరక్కుండానే అమ్మ మనసులో మాట బయటపెట్టింది. ఎస్తేరుని తమ్ముడికిస్తే తల్లిలేని పిల్లలు పరాయి చేతిలో పడరు, అక్కా తమ్ముళ్ళ ఇళ్ళు కలిసి ఉంటాయి. మామయ్య చెడ్డవాడని ఎవరూ అనలేరు. ట్రాక్టర్లు బాగుచేసేవాడు. మాట తక్కువ, మందు ఎక్కువ. అక్కకన్నా పదిహేనేళ్ళు పెద్ద. అక్క నాతో ఒకే ఒక్కసారి అంది, బావి దగ్గర చేద లాగుతూ.

"సిన్నప్పుడు ఆడి బుజాలెక్కి తీర్తానికెల్లేనే. అలాటోడ్ని ఎలా సేసుకుంటాను?"

మళ్ళీ ఆ మాట ఎవరి దగ్గరా ఎత్తలేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు ఒక ప్రకటన చదివారు. జర్మనీలో ముసలివాళ్ళని చూసుకునే ఆశ్రమం ఒకటి మన వైపునుంచి ఒక నర్సు అమ్మాయిని తీసుకుంటుందట. క్రిస్మస్ వెళ్ళాక విశాఖపట్నంలో ఎంపిక. జర్మనీనుంచి ఒకావిడ వచ్చి స్వయంగా చూస్తుంది. కొంచెమైనా జర్మను వచ్చి ఉండాలి. ఇంటికొచ్చాక అమ్మ ఆ ఊసే ఎత్తొద్దంది. నాన్న నాకు తెలిసి మొదటిసారి ఆమెకి అడ్డం చెప్పాడు. వెళ్తానంటే ప్రయత్నం చేసుకోనీ, అవకపోతే అప్పుడు నీ తమ్ముడికే ఇద్దాం అన్నాడు. అమ్మ ఒప్పుకుంది, బైబిలు మీద చెయ్యేసినంత గట్టిగా. అలా మా అక్క బతుకు రెండు ఊళ్ళ మధ్య నిలబడింది. అయితే జర్మనీ, లేకపోతే గొలుగొండ.

అనకాపల్లిలో జర్మను వచ్చిన మనిషి ఒకే ఒక్కరున్నారని మా సంఘమంతా నమ్మకం. ఆయన సంజీవరావు మాస్టారు. నిజానికి ఆయన మాస్టారు కారు, ఎప్పుడో మూతపడిన పాత మిషను దవాఖానాలో కాంపౌండరు. ఆయన కుర్రతనంలో అక్కడ ఒక జర్మను డాక్టరమ్మ ఉండేదట. మందు సీసాల మీద చీటీలు చదవడానికని ఆయనకి అక్షరాలు నేర్పి, దేశం వెళ్ళిపోయేటప్పుడు తన వ్యాకరణ పుస్తకం ఒకటి ఇచ్చి వెళ్ళింది. ఆ నీలం అట్ట పుస్తకాన్ని ఆయన నలభై ఏళ్ళు ఒంటరిగా చదువుకున్నారు. చర్చి వెనక సందులో ఆయన ఇల్లు. గుమ్మంలో టించరు వాసన, ముందు గదిలో కర్పూరం వేసిన పుస్తకాల వాసన, ఇంకా లోపలికెళ్తే ఆయన భార్య దీనమ్మగారు వేయించే ఉలవల వాసన. ఇస్త్రీ చొక్కా జేబులో ఎప్పుడూ ఒక థర్మామీటరు ఉండేది. ఎవరికో జ్వరమొస్తుందని కాదు, అది లేకపోతే జేబు బోసిగా ఉంటుందని.

పాఠం రోజూ సాయంత్రం, అక్క డ్యూటీ దిగాక. తోడు నేను. మొదటిరోజే మాస్టారు ధైర్యం చెప్పారు. మనకి ఎనిమిది విభక్తులు, వాళ్ళకి నాలుగే, కాబట్టి కష్టం కూడా సగమే అన్నారు. బళ్ళో మేం డు ము వు లు ప్రథమా విభక్తి అని ఊగుతూ చదివినట్టే ఇదీ చదవాలి. తెలుగులో విభక్తి మాటకి వెనకాల అతుక్కుంటుంది. పాదం, పాదాన్ని, పాదానికి, పాదం యొక్క. జర్మనులో చాలామటుకు మాట కదలదు, దానికి ముందుండే చిన్నమాట మారుతుంది. డేర్ ఫూస్ అంటే పాదం. డెన్ ఫూస్ పాదాన్ని. డేమ్ ఫూస్ పాదానికి. డెస్ ఫూసెస్ పాదం యొక్క. ఆఫీసరు కుర్చీలోనే కూర్చుంటాడు, బంట్రోతే పనిని బట్టి బట్టలు మార్చుకొస్తాడు, షష్ఠిలో మాత్రం ఆఫీసరు కూడా కాస్త కదులుతాడు అని మాస్టారు నవ్వించేవారు. బహువచనం ఇంకో గొడవ. మనకి చివర 'లు' చేరిస్తే చాలామటుకు పనైపోతుంది. వాళ్ళకి ఒక్కో మాటది ఒక్కో తీరు. ఒకటి చివర తోక తగిలించుకుంటుంది, ఒకటి లోపలి అచ్చు మార్చుకుంటుంది, పాదంలాంటివి రెండూ చేస్తాయి. ఫూస్ కాస్తా ఫ్యూసె అవుతుంది. కిటికీ మాత్రం ఒకటైనా పదైనా ఫెన్‌స్టరే. ఎందుకలా అని నేనడిగితే, ఇంటిపేర్లకి ఎందుకని అడుగుతామా అమ్మా అన్నారు.

అన్నిటికన్నా వింత లింగాలు. చెంచా పురుషుడు, ఫోర్కు స్త్రీ, కత్తి నపుంసకం. ఇవి ఎవరు తేల్చారో ఆ డాక్టరమ్మకీ తెలియదట. అమ్మాయి కూడా నపుంసకమే అని ఆయన చెప్పినరోజు నేను పగలబడి నవ్వాను. మాస్టారు నవ్వలేదు. మన తెలుగులో మాత్రం ఏం, ఆవు వచ్చింది, అమ్మాయి వచ్చింది, రెంటికీ ఒకే క్రియ కాదా అన్నారు. మరి పెళ్ళయిన ఆడమనిషో అని అక్క అడిగింది. అది స్త్రీలింగమే అన్నారాయన. అయితే పెళ్ళయ్యేదాకా మేం మనుషుల లెక్కలోకి రామన్నమాట అంది అక్క, పుస్తకంలోంచి తల ఎత్తకుండా. దీనమ్మగారు లోపల్నించి ఉలవలు వేయిస్తూ, పెళ్ళయ్యాక మాత్రం వస్తామేటి అన్నారు. ఆ ఇంట్లో మేం నవ్విన నవ్వులు లెక్కపెట్టుకోదగ్గవే ఉంటాయి, అందులో అదొకటి.

మాస్టారి పద్ధతికీ మా అమ్మ చట్టానికీ తేడా లేదు. ముందు నామవాచకాలు, ఆ తరవాతే మాట. ఇటుకలు పేర్చకుండా గోడ కడతామా అనేవారు. అక్క చేతులు కట్టుకుని, గోడమీద బల్లిని చూస్తూ ఎత్తుకునేది. డేర్ ఫూస్, డెన్ ఫూస్, డేమ్ ఫూస్, డెస్ ఫూసెస్. డీ ఫ్యూసె, డీ ఫ్యూసె, డెన్ ఫ్యూసెన్, డేర్ ఫ్యూసె. పుస్తకం పట్టుకుని తప్పులు పట్టడం నా పని. తడబడితే నేను వేలెత్తేదాన్ని, అక్క మొదటికి వచ్చేది. వేలెత్తడంలో నాకొక సుఖం ఉండేది, దాచడం దేనికి. చలి మొదలయ్యేసరికి అక్కకి చెయ్యి, కన్ను, మంచం, దుప్పటి, డాక్టరు, నొప్పి, రొట్టె, కిటికీ, నూరు మాటలు ఎనిమిదేసి రూపాల్లో వచ్చేశాయి. నర్సింగ్ హోములో సిరంజిలు మరగబెడుతూ కూడా గొణుక్కునేది. వాక్యం అనేది ఒక్కటీ రాదు. నాకు ఆకలేస్తోంది అనడం రాదు, మీకెలా ఉంది అనడం రాదు. అది లోటని మాకు తోచలేదు, మాస్టారు చెప్పలేదు.

ఎంపికకి నెలా పదిరోజులుందనగా మా చర్చికి ఒక జర్మను దొర వచ్చాడు. పెద్దవయసువాడు, ఒకప్పటి డాక్టరమ్మకి అన్న కొడుకట. మేనత్త పనిచేసిన చోటు చూసి పోదామని వచ్చాడు. పాస్టరుగారు మాస్టార్ని తీసుకురమ్మని నన్ను పంపారు. ఆ మాట వినగానే మాస్టారి మొహం వెలిగిపోతుందనుకున్నాను. ఆయన లోపలికెళ్ళి పెళ్ళినాటి కోటు వేసుకున్నారు, ఆ తరవాత వంటింట్లోకి వెళ్ళి ఎంతకీ రారు. దీనమ్మగారు చెయ్యిపట్టుకుని తీసుకొచ్చి గుమ్మం దాటించారు. చర్చి దగ్గర దొర ఆయన రెండుచేతులూ పట్టుకుని ఏదో గబగబా అడిగాడు. కళ్ళు తడిగా ఉన్నాయి, మేనత్త గురించే అడిగి ఉంటాడు. మాస్టారి పెదాలు కదిలాయి, మాట రాలేదు. దొర మళ్ళీ అడిగాడు. మాస్టారు చుట్టూ చూసి నూతివైపు చెయ్యి చూపించి డేర్ బ్రునెన్ అన్నారు. దొర ఊఁ అన్నాడు. మాస్టారు చర్చిని చూపించి దాని పేరు చెప్పారు. కిటికీని చూపించి దాని పేరు చెప్పారు. అలా చర్చి పక్కనే ఉన్న ఆ పాత దవాఖానా చుట్టూ దొరని తిప్పి కనబడ్డ ప్రతి వస్తువుకీ పేరు చెప్పారు. కాసేపటికి దొర ఆయన భుజం తట్టి పాస్టరుగారితో ఇంగ్లీషులోకి దిగిపోయాడు. మాస్టారు కోటు బొత్తాలు పెట్టుకుంటూ తీస్తూ చివరిదాకా అక్కడే నిలబడ్డారు. సందు మలుపులో ఆగి నాతో అన్నారు.

"నలభై ఏళ్ళలో నాతో ఆ భాష ఎవరు మాటాడేరమ్మా, నాకు వచ్చీడానికి? ఎస్తేరుతో అనకు. ధైర్యం సెడిపోద్ది."

అననని తలూపాను. ఆయన మీద జాలితోనే తలూపాను, అది అబద్ధం కాదు. కానీ అది ఒక్కటే కాదు. అక్క వెళ్ళిపోతే నీళ్ళు తోడడం, నాన్న కఫం గిన్నె కడగడం, అమ్మ నోరు, అన్నీ నా మీద పడతాయి. అంతకన్నా లోతుగా ఇంకొకటి ఉంది. అక్క ఒక్కసారైనా ఒకచోట ఓడిపోతే చూడాలని ఉంది. పదిహేనేళ్ళ పిల్లకి అంత విషం ఉంటుందా అంటే, ఉంటుంది. నాకు ఉంది.

వారం తిరక్కుండా ఇంకో తలుపు తెరుచుకుంది. కాన్వెంటు డిస్పెన్సరీలో సిస్టర్ అగాత అని మలయాళీ సన్యాసిని ఒకావిడ ఉండేవారు. జర్మనీలో నాలుగేళ్ళు ముసలివాళ్ళ ఆసుపత్రిలో పనిచేసి వచ్చారు. ఎవరో రోగిని తీసుకుని నర్సింగ్ హోముకి వచ్చినప్పుడు అక్క గొణుగుడు విని జర్మనులో పలకరించారట. అక్కకి ఒక్క ముక్క అర్థం కాలేదు. రోజూ ఒక గంట రా, పుస్తకం వద్దు, నేను రోగిని, నువ్వు నర్సువి, ఊరికే మాట్లాడుకుందాం అన్నారావిడ. అక్క ఇంట్లో చెప్పింది. రోమన్ కాథలిక్కుల కాన్వెంటు గడప మనం తొక్కడమేమిటని అమ్మ కొట్టిపారేసింది. మాస్టారు మొహం చిన్నబుచ్చుకుని, రెండు పడవల మీద కాళ్ళు పెడితే ఏ ఒడ్డుకీ చేరవమ్మా అన్నారు. అయినా అక్కకి మనసు ఒప్పలేదు. ఓ మధ్యాహ్నం పెరట్లో చాపమీద మినుములు ఆరబోస్తూ నన్నడిగింది.

"నువ్వు రోజూ ఇంటన్నావు కదే. మాస్టారి సదువు సరిపోద్దంటావా? సరిపోదంటే సెప్పు, నాన్నని ఒప్పించి సిస్టరు దగ్గరకెల్తాను."

"సరిపోద్ది," అన్నాను.

అక్క తల ఊపి మినుములు చేత్తో పలచగా సర్దింది. నా మాట మీద ఆమెకి అంత నమ్మకం. వేలెత్తి తప్పులు పట్టేదాన్ని నేనే కదా.

విశాఖపట్నానికి అక్క, అమ్మ, నేను బస్సులో వెళ్ళాం. చర్చి ఆవరణలో పొడుగాటి హాలు, వరసగా కిటికీలు. అయిదుగురు అమ్మాయిలొచ్చారు. తోడొచ్చినవాళ్ళం వరండాలో నిలబడి కిటికీల్లోంచి చూశాం. జర్మనీ ఆవిడ నెరిసిన జుట్టుతో, నవ్వు మొహంతో ఉంది. ఒక కుర్చీలో కూర్చుని చెప్పు విడిచి పాదం ముందుకు చాపి, అబ్బా అన్నట్టు మొహం పెట్టి ఏదో అడిగేది. అదే పరీక్ష. అక్కకన్నా ముందు వెళ్ళిన విశాఖపట్నం అమ్మాయికి జర్మను పది మాటలు కూడా వచ్చినట్టు లేదు. గబుక్కున కింద కూర్చుని ఆవిడ పాదం ఒళ్ళోకి తీసుకుని, నొక్కుతూ, ఇక్కడా ఇక్కడా అని ఏవో రెండు ముక్కలు అంటూ నవ్వేసింది. ఆవిడా నవ్వింది.

తరవాత అక్క. ఆవిడ పాదం చాపి అడిగింది. అందులో మాకు తెలిసిన మాట ఒక్కటే వినబడింది, ఫూస్. అక్క మొహం విప్పారింది. నిటారుగా నిలబడి చేతులు కట్టుకుని మొదలుపెట్టింది. డేర్ ఫూస్, డెన్ ఫూస్, డేమ్ ఫూస్. ఎనిమిది రూపాలూ ఒక్క తప్పు లేకుండా చెప్పి ఆగింది. నా పక్కన అమ్మ సంతోషంతో కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటోంది. ఆవిడ అయోమయంగా నవ్వి, పాదం చూపించి మళ్ళీ అడిగింది. మా ఇంట్లో ఒకే ప్రశ్న రెండోసారి అడిగారంటే అర్థం ఒక్కటే, ఎక్కడో తప్పు వచ్చింది, మొదటికి రా. అక్క మొదటికి వచ్చింది. మళ్ళీ ఎనిమిదీ చెప్పింది. ఆవిడ నెమ్మదిగా, ఒక్కో మాటా విడదీసి మూడోసారి అడిగింది. అక్క మూడోసారీ మొదటికి వచ్చింది, ఒక్క రూపం తప్పలేదు. చెరుకు కొట్టేటప్పుడు కత్తి దెబ్బ తగిలి మునగపాక నుంచి వచ్చేవాళ్ళ కాళ్ళు, పుండుపట్టి పురుగుపట్టినవి, అక్క ముక్కు చిట్లించకుండా ఒళ్ళో పెట్టుకుని కడగడం నేను కళ్ళారా చూశాను. హాల్లో ఉన్న అయిదుగురిలోనూ అలాంటి చెయ్యి ఇంకెవరికీ లేదు. ఆ చేతులు కట్టుకునే ఉన్నాయి. ఆవిడ పాదం వెనక్కి తీసుకుని చెప్పు తొడుక్కుంది. థాంక్యూ అంది, చాలా మర్యాదగా.

నేను కిటికీ ఊచ పట్టుకుని చూస్తున్నాను. అక్క ఓడిపోతే చూడాలనుకున్నాను కదా, చూశాను. ఆ రోజునుంచి ఇప్పటిదాకా నాకు ఏ సుఖం అందినా, దాని అడుగున ఆ ఊచ చల్లదనం తగులుతూనే ఉంది.

అనకాపల్లిలో బస్సు దిగేసరికి మాస్టారు బెంచీమీద కాచుకుని ఉన్నారు, చేతిలో కాయితం పొట్లం, అందులో కోవా బిళ్ళలు. ఏమడిగారని ఆత్రంగా అడిగారు. పాదం అడిగారని, మూడుసార్లు అడిగారని, మూడుసార్లూ తప్పు లేకుండా చెప్పానని అక్క చెప్పింది. మాస్టారు భేష్ అని పొట్లం విప్పబోయి ఆగిపోయారు. మూడుసార్లెందుకు అడిగారమ్మా అన్నారు, తనలో తను అనుకున్నట్టు. ఆ తరవాత నావైపు చూశారు. ఇద్దరం చూపులు తిప్పుకున్నాం. కోవా బిళ్ళలు ఎవరమూ తినలేదు.

ఈస్టర్ వెళ్ళిన రెండోవారం మామయ్యతో అక్క పెళ్ళి. మాస్టారు చర్చిలో చివరి బెంచీలో కూర్చుని భోజనం వేళకి వెళ్ళిపోయారు. జేబులో థర్మామీటరు లేదు, అది నేను గమనించాను. తరవాతి వానాకాలానికి ఆయన లేరు. ఆ నీలం అట్ట పుస్తకాన్ని దీనమ్మగారు ఆయన శవపెట్టెలోనే పెట్టి పంపేశారు. అక్క గొలుగొండ వెళ్ళి తల్లిలేని ఇద్దరినీ పెంచింది. తనకి పుట్టిన ఒక్క బిడ్డా మూడోనెల దాటలేదు. మళ్ళీ నర్సు ఉద్యోగం చేయలేదు, మామయ్య చేయనివ్వలేదు. నాన్న దగ్గు, నూతినీళ్ళు, అమ్మ నోరు అన్నీ నా మీదే పడ్డాయి. దేన్ని తప్పించుకుందామనుకున్నానో అదంతా ఒక్కటీ తప్పకుండా నాకే వచ్చింది.

ఇప్పుడు నేను ఒక హైస్కూల్లో తెలుగు చెబుతున్నాను. విశాఖపట్నంలో బస్సు దిగితే చాలు, నర్సులకి జర్మను నేర్పుతామని బోర్డులు. మా స్కూల్లో చదివిన ఒక పిల్ల అలాంటిచోట చేరి మొన్న ఫోన్‌లో నాకు వినిపించింది. మొదటిరోజే పేరేమిటి, ఊరేమిటి, ఎక్కడ నొప్పి అని మాట్లాడించేస్తారట. గడుల పట్టిక ఎప్పుడో తరవాత, తప్పులు వాటంతటవే సర్దుకుంటాయట. మంచిదమ్మా అన్నాను. ఈ కాలం పిల్లలకి ఏదీ నోటికి రాదని మా స్టాఫ్‌రూములో అందరూ విసుక్కుంటారు, నేను నోరు విప్పను. నా క్లాసులో విభక్తులు నేనూ అప్పజెప్పించుకుంటాను, కానీ తడబడ్డవాళ్ళని మొదటికి పంపను. ఆగినచోటే నిలబడి వాళ్ళకి అందిస్తాను. అందించకూడదు మేడమ్ అని పక్క పిల్ల ఎవరైనా అంటే దాని మీద నాకు వచ్చే కోపానికి ఆ పిల్ల బిత్తరపోతుంది. దానికేం తెలుసు, ఆ కోపం వేరే పదిహేనేళ్ళ పిల్ల మీదని.

నోట్‌బుక్ తీసుకుని పోయిన ఆదివారం గొలుగొండ వెళ్ళాను. మామయ్యకి పక్షవాతం వచ్చి మూడేళ్ళు. పెంచిన పిల్లలిద్దరూ పనులు వెతుక్కుని దూరంగా ఉన్నారు. నేను వెళ్ళేసరికి అక్క వసారాలో మంచం పక్కన ముక్కాలిపీట వేసుకుని, వేణ్ణీళ్ళ పళ్ళెంలో ఆయన పాదాలు కడుగుతోంది. వేళ్ళ సందులు ఒక్కొక్కటే తుడుస్తోంది. మామయ్య పైకప్పు వైపు చూస్తూ పడుకున్నాడు. పుస్తకం చూడగానే అక్క చేతులు ఆగాయి. చెయ్యి తడిగా ఉంది, అందుకోలేదు. పేజీలు నన్నే తిప్పమంది. కొన్ని తిప్పాక, గీతలు బాగా గీసేదానివి అంది.

అప్పుడు చెప్పేశాను. దొర రావడం, మాస్టారు నూతిని చూపించడం, సందు మలుపులో ఆయన అన్న మాట, పెరట్లో మినుముల దగ్గర నేను ఆడిన అబద్ధం. ఎందుకు ఆడానో కూడా దాచకుండా చెప్పాను. అక్క తల వంచుకుని వింది. నీళ్ళు చల్లారిపోతున్నాయని నాకనిపించింది, అనలేకపోయాను.

"నేను నిన్నడిగేసరికి ఇంకా ఎన్నాళ్ళుంది?" అంది చివరికి.

"నెల్లాళ్ళు."

"నెల్లాళ్ళు," అని తనూ అంది. తడి గుడ్డ పిండి ఆరవేసింది. "నెల్లాళ్ళుంటే నేను మాటాడీదాన్నేనే."

తిట్టలేదు. తిడితే నేను ఏడ్చి తేలికపడేదాన్ని, ఆ తేలిక నాకు ఇవ్వలేదు. మామయ్య రెండో పాదం పళ్ళెంలోకి ఎత్తిపెట్టి, మడమ పట్టుకోమంది నన్ను. పట్టుకున్నాను. ప్రాణం లేని కాలు అంత బరువుంటుందని నాకు తెలియదు. అక్క రోజుకి రెండుసార్లు దాన్ని ఎత్తుతుంది. కడిగి, తుడిచి, నూనె రాసి, దుప్పటి కప్పి, చేతులు కొంగుకి తుడుచుకుంది. బస్సుకి వేళవుతోందని నేను లేచి, పుస్తకం మంచం పక్కన పెట్టబోయాను. అక్క దాన్ని తీసి నా సంచిలోనే పెట్టింది.

"నువ్వే ఉంచుకో. నాకెందుకే? నాకు నోటికొచ్చు."